చెప్పేవారి నోరు – వినేవారి చెవి

"కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుంది" అన్నారు మన పెద్దలు. "ఇంటి గుట్టు లంకకు చేటు" అని కూడా అన్నారు. ఈ రెండు సామెతల నీడలోనే మనలో చాలామందిమి పెరిగాము. పడిన కష్టం పైకి చెప్పుకోకూడదు, జరిగిన అవమానం నలుగురిలో అనకూడదు, చెప్పుకుంటే లోకువైపోతాము. ఇదీ మనకు అబ్బిన తెలివి. ఈ తెలివిలో నిజం లేకపోలేదు. విన్న ప్రతివాడూ మన మేలు కోరేవాడు కాడు. అయినా ఒక ప్రశ్న మిగిలే ఉన్నది. మన జీవితంలో నిజంగా జరిగినదానిని మన నోటితో మనమే చెప్పడం ఎప్పుడు ధర్మం? మౌనంగా ఉండడం ఎప్పుడు ధర్మం?

సువార్తను తెరచి చూస్తే క్రీస్తు ప్రభువు అందరికీ ఒకే ఆజ్ఞ ఇవ్వలేదని తెలుస్తుంది. మార్కు సువార్త 1వ అధ్యాయంలో కుష్ఠరోగిని శుద్ధుని చేసి, యాజకునికి కనపరచుకొమ్మని పంపుతూ, ఇతరులెవరితోనూ ఈ సంగతి చెప్పవద్దని గట్టిగా హెచ్చరించాడు. 5వ అధ్యాయంలో సమాధులలో తిరుగాడిన భూతపీడితుడు బాగుపడి తన వెంట వస్తానంటే వద్దని, ఇంటికి వెళ్ళి నీకు జరిగిన మేలు నీవారికి చెప్పమని పంపాడు. కనుక చెప్పడమే ఎప్పుడూ పుణ్యమనీ అనలేము, మౌనమే ఎప్పుడూ గొప్పదనీ అనలేము. ఎవరికి ఏది మేలో చూడాలి.

అదే 5వ అధ్యాయంలో పన్నెండేండ్లు రక్తస్రావంతో బాధపడిన స్త్రీ ఉన్నది. వైద్యుల చుట్టూ తిరిగి ఉన్నదంతా పోగొట్టుకొన్నది. గుంపులో వెనుకనుండి వచ్చి ప్రభువు వస్త్రాన్ని తాకింది, ఆ క్షణమే బాగుపడింది. ఎవరికీ తెలియకుండా ఇంటికి వెళ్ళిపోవచ్చు. కాని ప్రభువు ఆగాడు, నన్ను తాకినదెవరని అడిగాడు. ఆమె వణుకుతూ వచ్చి ఉన్నదున్నట్టు అంతా చెప్పింది. అవతల యాయీరు కూతురు చావుబతుకుల్లో ఉన్నది. అయినా ఈ పేదరాలి మాట పూర్తయ్యేదాకా ప్రభువు కదలలేదు. ఆమెను సిగ్గుపరచడానికా ఇదంతా? కాదు. అన్నేళ్ళూ ఆమె గురించి ఊరే మాట్లాడి ఉంటుంది: అశుద్ధురాలని, దూరంగా ఉండమని. ఆనాడు ఆమె కథ ఆమె నోటనే నలుగురి ఎదుట వినబడింది. ఆ పిమ్మటే ప్రభువు ఆమెను కుమారీ అని పిలిచాడు. స్పర్శతో ఆమె రోగం పోయింది. తన నోట చెప్పుకొన్న మాటతో ఆమె మళ్ళీ మనుషులలో ఒకతె అయింది.

మరి ఆమె తరఫున పేతురు గారో, యోహాను గారో చెబితే సరిపోదా? చదువు లేనివారి కథను చదువుకొన్నవారు ఇంకా చక్కగా చెబుతారు గదా? ఈ ప్రశ్నకు మన కాలంలోనే ఒక మేత్రాసనం, ఒక మేత్రాణులు తమ ప్రాణంతో జవాబిచ్చారు.

మధ్య అమెరికాలో గ్వాటెమాలా అనే చిన్న దేశం ఉన్నది. అక్కడ 1960 నుండి 1996 వరకు అంతర్యుద్ధం సాగింది. తరువాత ఐక్యరాజ్యసమితి మద్దతుతో పనిచేసిన విచారణ సంఘం 1999లో ఇచ్చిన నివేదిక ప్రకారం, చనిపోయినవారు, ఆచూకీ లేకుండా పోయినవారు రెండు లక్షలకు పైమాటే. అందులో ఎక్కువమంది ఆ నేలకు మొదటివారైన మాయా జాతి పేద రైతులు. శవాలు దొరకలేదు, సమాధులు లేవు. చంపించినవారిలో కొందరు అదే ఊళ్ళో ఇరుగుపొరుగుగా ఉంటున్నారు. ఇక నోరు విప్పేదెవరు?

అక్కడి సహాయక మేత్రాణులు హువాన్ హెరార్ది గారు ఈ మౌనాన్ని ఎరిగినవారు. 1974 నుండి ఆయన కిచే మేత్రాసనానికి కాపరి. తన గురువులను, ఉపదేశులను చంపుతుంటే, 1980లో ఆ మేత్రాసనాన్నే మూసివేసి వెళ్ళవలసి వచ్చింది. ఆనాడు ఆ ప్రాంతంలో ప్రాణాలర్పించిన ముగ్గురు గురువులను, ఏడుగురు గృహస్థ విశ్వాసులను శ్రీసభ 2021 ఏప్రిల్ 23న ధన్యులుగా ప్రకటించింది. వారిలో పన్నెండేళ్ళ బాలుడొకడు కూడా ఉన్నాడు.

యుద్ధం ముగింపుకు వస్తున్న రోజుల్లో హెరార్ది గారి నాయకత్వాన అక్కడి శ్రీసభ ఒక పనికి పూనుకొన్నది. పత్రికలు చూసి లెక్కలు కట్టడం కాదు ఆ పని. ఊరూరా ఉపదేశులకు, విశ్వాసులకు తర్ఫీదు ఇచ్చి, కొండల్లోని పల్లెలకు పంపారు. వారు గుమ్మాలలో కూర్చుని, జరిగినదేమిటో చెప్పమని అడిగి, టేపురికార్డరులో ఆ మాటలను పట్టారు. 5 వేలకు పైగా సాక్ష్యాలు వచ్చాయి. అందులో సగానికి మించి దొరల భాషయైన స్పానిషులో కాక, అమ్మ నేర్పిన మాయా భాషలలోనే చెప్పారు. భర్తను ఎలా తీసుకుపోయారో, బిడ్డను ఎక్కడ పాతిపెట్టవలసి వచ్చిందో ఆ తల్లి తన మాటలోనే చెప్పింది. ఆ కథను ఇంకొకరు చెబితే ఏది ముఖ్యమో ఆ ఇంకొకరే నిర్ణయిస్తారు. ఆమె చెబితే, పోయిన కోడిపెట్ట సంగతి కూడా అందులోకి వస్తుంది. ఎందుకంటే ఆ ఇంటికి ఆధారం ఆ కోడిపెట్టే.

ఇలా పోగైన మాటలు 4 సంపుటాల నివేదికగా వెలువడ్డాయి. 1998 ఏప్రిల్ 24న హెరార్ది గారు రాజధానిలోని ప్రధాన దేవాలయంలో దానిని ప్రజలకు సమర్పించారు. రెండు రోజుల తరువాత, ఏప్రిల్ 26 ఆదివారం రాత్రి, తన నివాసంలోనే ఆయనను చంపారు. 2001లో ముగ్గురు సైనికులను, వారికి తోడ్పడ్డాడని ఒక గురువును న్యాయస్థానం దోషులుగా తేల్చింది. మన మధ్యవాడే ఒకడు వారిలో ఉన్నాడన్న చేదు నిజాన్ని కూడా దాచకూడదు.

ఇక్కడ ఒక్క మాట ఆలోచించండి. హెరార్ది గారిని చంపినది ఆయన సొంత కథ చెప్పినందుకు కాదు. ఇతరుల కథలు విన్నందుకు, విన్నదానిని చెరిపివేయకుండా నిలిపినందుకు. చెప్పేవారికి ధైర్యం కావాలని మనం అంటుంటాము. వినేవారికి ఇంకా ఎక్కువ ధైర్యం కావాలని ఆయన మరణం చెబుతున్నది.

ఇది దూరదేశపు సంగతి మాత్రమే కాదు. 1991 ఆగస్టు 6న నాటి గుంటూరు జిల్లా చుండూరులో 8 మంది దళితులను చంపారు. ఆ కేసు కోసం ప్రత్యేక న్యాయస్థానాన్ని ఆ ఊరిలోనే ఏర్పాటు చేశారు. తమవారిని పోగొట్టుకొన్నవారు తమ ఊరి నడుమనే నిలబడి, తమ మాటలో, చూసినది చెప్పారు. 2007లో ఆ న్యాయస్థానం 21 మందికి యావజ్జీవ శిక్ష విధించింది. 2014లో హైకోర్టు నిందితులందరినీ నిర్దోషులుగా విడిచిపెట్టింది. చట్టం సంగతి న్యాయవాదులకు వదిలేద్దాము. మనం అడుగవలసిన ప్రశ్న వేరు. న్యాయస్థానం బరువు తూచే మాటలకు బయట ఇంకెక్కడా చోటు లేదా? కన్నీటితో చెప్పిన మాటకు తీర్పే గాని ఓదార్పు అక్కరలేదా? ఆ ఓదార్పు ఇవ్వవలసిన చోటు దేవాలయం కాకపోతే ఇంకేది?

అలాగని ప్రతివారినీ నిలబెట్టి చెప్పించడం కూడా తప్పే. ఈ విషయంలో శ్రీసభకు పాత అనుభవం ఉన్నది. 5వ శతాబ్దంలో ఇటలీలోని కొన్ని ప్రాంతాలలో పాపుల తప్పులను కాగితంమీద రాయించి బహిరంగంగా చదివే అలవాటు మొదలైంది. 459లో మహానుభావుడు లియో పోపు గారు దీనిని నిషేధించి, గురువు ఎదుట రహస్యంగా చేసే పాపసంకీర్తనమే చాలునని ఆ ప్రాంతపు మేత్రాణులకు లేఖ రాశారు. మనుషులకు సిగ్గు ఉంటుందని, దానిని గౌరవించాలని ఆయనకు తెలుసు. గ్వాటెమాలా నివేదికలో కూడా చెప్పినవారి మాటలు ఉన్నాయి గాని, పేర్లకు బదులు కేసు సంఖ్యలే ఉన్నాయి. పేరు దాచినా గొంతు వారిదే. గొంతును కాపాడడం, మనిషిని కాపాడడం రెండూ ఒకేసారి సాధ్యమే.

ఇంకొక హద్దు కూడా ఉన్నది. నా కథలో నేనొక్కడినే ఉండను. నా భార్య ఉంటుంది, అన్నదమ్ములుంటారు, పొరుగువారుంటారు. పునీత అగుస్తీను గారు తన జీవితాన్ని దాపరికం లేకుండా రాశారు. పడుచుతనంలో చేసిన దొంగతనం మొదలు అన్నీ చెప్పారు. కాని పెళ్ళి లేకుండా ఏళ్ళ తరబడి తనతో కాపురం చేసి, తనకు కొడుకును కన్న స్త్రీ పేరు మాత్రం ఎక్కడా రాయలేదు. కారణమేదైనా కానివ్వండి, పదహారు శతాబ్దాలుగా ఆమెను వేలెత్తి చూపగలిగినవారు లేరు. మన ప్రార్థన కూటాలలో సాక్ష్యం చెప్పేవారు దీనిని గుర్తుంచుకోవాలి. "నా భర్త తాగుబోతు, నా కోడలు గయ్యాళి" అని మైకులో చెప్పి, చివర దేవునికి స్తోత్రం అంటే అది సాక్ష్యమవుతుందా? మన తప్పు మనం చెప్పుకోవచ్చు. పక్కవారి తప్పును మన సాక్ష్యంలో వాడుకొనే అధికారం మనకు లేదు.

అలాగే నిజానికి రంగులు వేయకూడదు. జ్వరం తగ్గిన సంగతి నాలుగు కూటాలు తిరిగేసరికి చచ్చి బ్రతికిన కథ కావడం మనం చూస్తూనే ఉన్నాము. దేవుడు చేసినది చిన్నదైనా చాలు. దానిని పెద్దది చేయడానికి మన అబద్ధం ఆయనకు అక్కరలేదు.

అన్నిటికన్నా ఎక్కువగా జాగ్రత్తపడవలసింది పేదవారి విషయంలో. సహాయం పంచే సభలలో ఒక విధవరాలిని వేదికమీద నిలబెట్టి, ఆమె కష్టాలన్నీ ఒక పెద్దమనిషి మైకు ముందు ఏకరువు పెట్టడం కద్దు. ఆమె తలవంచుకొని నిలబడి ఉంటుంది. ఆ కథ నిజమే కావచ్చు, సహాయం కూడా అవసరమే కావచ్చు. కాని ఆమె నోరు ఏమైంది? ఆమె చెప్పదలచుకొంటే చెప్పనివ్వాలి. వద్దనుకొంటే బియ్యం బస్తా మౌనంగా ఇంటికి చేర్చాలి. ఆమె కథను ఆమె ఎదుటే ఇంకొకరు చెప్పడం దానం కాదు.

2020లో పోపు ఫ్రాన్సిస్ గారు ప్రపంచ సమాచార సాధనాల దినోత్సవ సందేశాన్ని కథలు చెప్పడం అనే విషయానికే కేటాయించారు. దేవుడు చేసిన కార్యాలను బిడ్డలకు, మనుమలకు వినిపించాలన్న నిర్గమకాండం 10వ అధ్యాయపు మాటను దానికి ఆధారంగా తీసుకొన్నారు. మన విచారణలలో డెబ్బై ఎనభై ఏళ్ళ అవ్వలు, తాతలు ఎందరో ఉన్నారు. ఏ వీధిలో చెప్పులు చేత పట్టుకొని నడవవలసి వచ్చిందో, ఏ బావి దగ్గర ఎవరైనా నీళ్ళు పోసేదాకా కాచుకొని నిలబడ్డారో, మొదటిసారి పలక పట్టినప్పుడు ఇంటిల్లిపాదీ ఎలా ఏడ్చారో వారికి తెలుసు. ఇంతవరకు ఎవరూ అడగలేదు గనుక చెప్పలేదు.

కనుక విశ్వాసులారా, ఈ ఆదివారం పూజ తరువాత ఇంట్లో టీవీ కట్టి ఆ పెద్దవారి పక్కన కూర్చోండి. ఒక్క ప్రశ్న అడగండి. చెప్పనంటే బలవంతపెట్టకండి. చెబితే మధ్యలో అడ్డు తగలకండి, సరిదిద్దకండి, తొందరపెట్టకండి. చావుబతుకుల్లో ఉన్న బిడ్డ ఇంటికి వెళుతూ కూడా ప్రభువు దారిలో ఆగి ఒక స్త్రీ మాట విన్నాడు. మనకు అంతకంటే తొందర పనులు లేవు గదా!