బొంత చలికి, సంచి దసరాకు

బిడ్డా,

ఈసారి దసరాకు ఎవ్వరికీ దుకాణంల కొన్నది ఇయ్యను, అన్నీ నా చేత్తోనే కుట్టి ఇస్త అన్నవ్. సంబురమైంది. కాని నువ్వు చదివిన చీటీ విన్నంక జర ఆగుమని చెప్పబుద్ధయింది. జనగామల మేనత్తకు బొంత, భూపాలపల్లిల చిన్నాయనకు బొంత, మానుకోట తండాల నీ దోస్తుకు బొంత, డోర్నకల్ చిన్నమ్మకు బొంత, అమెరికల అక్కకు బొంత, ఆమెకు పుట్టబొయ్యే బిడ్డకు ఇంకో బొంత. ఇంతమందికి ఒక్కటే తీరు వస్తువైతే, నువ్వు కుట్టేది వాళ్ళ కోసమా, నీ ముచ్చట కోసమా? కోపం తెచ్చుకోకు. ముచ్చటపడుడు తప్పేం కాదు. కాని ఎవరు కప్పుకుంటరు, ఎక్కడ పండుతరు, ఎట్ల ఉతుకుతరు అని చూడకుండ కుట్టిన బొంత ఎంత అందంగున్నా ప్లాస్టిక్ కవర్ల చుట్టి బీరువా మీదికే ఎక్కుతది. అసుంటివి మన చుట్టాల ఇండ్లల్ల మస్తు చూసిన.

ముందుగాల కాలం సంగతి విను. పెత్రమాస నాడు ఎంగిలిపూల బతుకమ్మతోని మొదలైతే తొమ్మిదో నాటికి సద్దులు, ఆ ఎనకనే దసరా. ఆ దినాలల్ల సూది పట్టే తీరిక ఏ ఇంట్ల ఆడోళ్ళకూ ఉండదు. తంగేడుకు పోవాలె, గునుగుకు రంగులద్దాలె, సద్దులకు పొడులు కొట్టుకోవాలె, వచ్చిన బిడ్డలకు అల్లుండ్లకు వండి పెట్టాలె. కుట్టేది ఏదైనా పెత్రమాస లోపట్నే ముడి ఏసి దారం తెంపెయ్యాలె. నువ్వేమో పెత్రమాసకు సెలవు పెట్టి ఊరికొచ్చి మొదలుపెడ్తనంటున్నవ్!

ఇంకో మాట. బొంత అసలు దసరాకు కుట్టే వస్తువే కాదు. మన దిక్కు బొంతలు కుట్టేది ఎండకాలం. యాసంగి వడ్లు ఇంటికి చేరినంక, వానకాలం దుక్కులు మొదలుకాకముందు, పగటిపూట అరుగు మీదనో యాపచెట్టు కిందనో నలుగురు కూసోని కుట్టేటోళ్ళు. తీరిక దొరుకుతదని ఒక్కటే కాదు. పాత చీరెల గంజి పోయేదాక ఉతకాలె, ఉతికినంక కరకర ఎండాలె. వానల్ల ఉతికిన చీరె పైకి ఆరినట్టే కనబడ్తది, అంచుల కాడ తడి ఉంటనే ఉంటది. దాన్ని పొరల నడుమ పెట్టి కుట్టేస్తే ముక్కిన వాసన పడ్తది. ఇగ అది ఎన్ని ఎండలకేసినా పోదు. గంజి మిగిలితే పురుగు పడ్తది, ఎలుక కొరుకుతది. దసరా పోయిందా, పత్తి ఏరుడు మీద పడ్తది. జనగామ నుంచి భూపాలపల్లి దాక ఏ ఊరు పొయ్యి చూసినా ఆడోళ్ళు చేన్లల్లనే ఉంటరు, నీకు సాయం కూసునే మనిషి దొరకదు.

పైగా దసరాకు ఇంకా ఉక్క పోస్తనే ఉంటది. ఫ్యాన్ కింద కూసున్నామె ఒళ్ళె బొంత పెడితే ఏం చేసుకుంటది? చలి మొదలయ్యేది దీపావళి దాటినంకనే. డోర్నకల్ చిన్నమ్మ అత్తగారిల్లు అక్కడనే గద. ఆ ఊర్ల అజరయ్య బిషపు కట్టించిన పెద్ద చర్చి ఉన్నది, 1939ల ప్రతిష్ఠ అయింది, దాని చుట్టుపక్కల డిసెంబరు నెలంత పండుగే. చిన్నమ్మ బొంత క్రిస్మస్‌కు ఇయ్యి. మిగిలినోళ్ళకు సంక్రాంతికి. అన్నీ దసరా నాడే పంచాలని ఎవరన్న కట్టడి పెట్టిన్రా?

మరి దసరాకు ఏం కుట్టాలె అంటవా? రవికె ముక్కలు. ఒడిబియ్యం పోసినా, నోముకు పిలిచినా, గృహప్రవేశానికి పోయినా చేతుల ఒక రవికె ముక్క పెడ్తరు. దాన్ని ఎవ్వరూ కుట్టించుకోరు. ఇంకో పేరంటం దాక దాచి ఇంకొకరి చేతుల పెడ్తరు. కొన్ని ముక్కలు మా ఈడు ఆడోళ్ళకంటె ఎక్కువ ఊర్లు తిరిగినయి. ఆ తిరుగుడు నువ్వు ఆపు. నూలు ముక్కలు, టూ బై టూ అంటరు సూడు, అవి ఏరి మెత్త గలీబులు కుట్టు. ఎనభై సెంటీమీటర్ల ముక్క, పన్నా మీటరుంటే ఒక్క గలీబుకు సరిగ్గ సరిపోతది. లోపలి మడతకు మాత్రం ఇంకో ముక్కకెళ్ళి పట్టీ తీసి అతకాలె. కొత్త నూలు గుడ్డ మొదటి ఉతుకుడుకే గుంజుకపోతది, కాబట్టి కత్తెర పెట్టకముందే నీళ్ళల్ల నానేసి ఆరెయ్యి. ఎరుపు, మెరూన్ ముక్కలుంటే తడి తెల్లగుడ్డతోని రుద్ది చూడు, రంగు అంటిందంటే అది ముఖం కింద పెట్టుకునే మెత్తకు పనికిరాదు, సంచికి వాడుకో.

పట్టు తీరు మెరిసే ముక్కలు చిన్న సంచులకు బాగుంటయి, తాంబూలానికో, కుంకుమ బరిణెలు పెట్టుకోనీకో. ఇగ పూలకు పోయేటోళ్ళకు సంచి కుడ్తవా, దాని లెక్క వేరే. మూతి వెడల్పుండాలె, తంగేడు కొమ్మలు గుచ్చుకోని కుట్లు ఊడకుండ లోపలి అంచు మడిచి రెండుసార్లు కుట్టాలె, పట్టీ భుజాన్ని కోయకుండ నాలుగు వేళ్ళ వెడల్పు ఉండాలె. దీనికి బతుకమ్మ చీరెలు పనికొస్తయి. సర్కారు 2017 నుంచి కొన్నేండ్లు పంచిన చీరెలు ఏ ఇంట్ల చూసినా ఉన్నయి. ఎక్కువగ సిరిసిల్ల మరమగ్గాల మీద నేసిన పాలిస్టర్ చీరెలు. గట్టివి, జల్ది ఆరుతయి, సంచులకు బ్రహ్మాండం. బొంత లోపట మాత్రం పెట్టకు. చెమట పీల్చవు, సూది కింద జారుతయి, నాలుగు ఉతుకులకే పొరలు ఒకదిక్కు జరిగి ఉండలు కడ్తయి.

మిషన్ మీద అంచులు కుట్టించేదుంటే మన మేరాయనకు వినాయకచవితి అయిన వారం లోపట్నే ఇయ్యి. పెత్రమాస దగ్గర పడ్డదంటే ఆయన కాడ రవికెలు కుప్పలు పడి ఉంటయి, రాత్రి పొద్దుపోయేదాక మిషన్ ఆగదు. అప్పుడు పొయ్యి 'జల్దియ్యి, తక్కువకియ్యి' అని ఎంటబడకు. ఆయనకూ ఇంట్ల పండుగ ఉంటది.

ఇగ బొంతలు. అందరికీ ఒక్కటే తీరు కాకుండ, ఎవరికేం కావాల్నో చూసి కుట్టు. జనగామ, మానుకోట, భూపాలపల్లి అన్నీ ఒకప్పుడు వరంగల్ జిల్లనే, 2016 అక్టోబరు 11న సరిగ్గ దసరా నాడే వేరు జిల్లాలైనయి. కాని బతుకు తీరు జిల్లాలు కాకముందు కూడ ఒక్కటి కాదు.

చిన్నాయనది సింగరేణి కొలువు. నైట్ షిఫ్ట్ చేసి పొద్దున వచ్చి పగలు పండుతడు. పగటి నిద్రకు పల్చటి బొంత కావాలె, రెండు చీరెలే చాలు. ఓపెన్ కాస్ట్ దగ్గరి ఇండ్లల్ల తీగ మీద ఆరేసిన తెల్లగుడ్డ సాయంత్రానికి ఏ రంగైతదో నీకు చెప్పాల్నా? ముదురు నీలం, ముదురు పచ్చ తీసుకో. నువ్వు ఏరిన పాల రంగు చీరె అక్కడికి వద్దు. ఆ ఇంటి చిన్నమ్మకు అది ఉతుకుడే పనైతది, నీ పేరు చెప్పి ఉతుకుతది.

మేనత్త సంగతి వేరే. ఆమె కాడ వాళ్ళమ్మ కట్టిన నూలు చీరెలు పెట్టె నిండ ఉన్నయి. వాటితోనే కుడితే అంతకంటె మంచి బహుమానం ఉండదు. కాని చెప్పకుండ తీసి ఆశ్చర్యపరుస్తనని కత్తెర పెట్టకు. పోయిన మనిషి చీరెలను కొందరు కోయనియ్యరు, మడత సుత మార్చనియ్యరు. ముందు కూసోని అడుగు. ఏ చీరె ఎప్పుడు కట్టిందో చెప్పుకుంట ఒక్కొక్కటి ఆమెనే తీసిస్తది. వద్దన్నది పక్కకు పెట్టెయ్యి, మారు మాట్లాడకు. ఇచ్చినవాట్ల సుత ఒక్క కొంగు కోయకుండ ఆమెకే మిగిల్చి, బొంత మీద అంచు మాత్రం పైకి కనబడేటట్టు కుట్టు.

కుట్టేటప్పుడు, నువ్వెన్నడు నిండు బొంత కుట్టలేదు కాబట్టి చెప్తున్న. ఐదున్నర మీటర్ల చీరెను నడుమకు మడిస్తే రెండు పొరలు, మనిషి పొడుగు దాటి మూరెడు ఎక్కువే వస్తది. నాలుగు చీరెలైతే ఎనిమిది పొరలు, మన చలికి అంతకు మించి అక్కర లేదు. బాగ అరిగినవి లోపటికి, గట్టివి పైకి కిందికి. గచ్చు మీద పరిచి నాలుగు మూలల బరువు పెట్టు. చేత్తోని నడుమకెళ్ళి అంచులకు సాపు చేసుకుంట పోవాలె, అంచులకెళ్ళి నడుమకు కాదు. అట్ల చేస్తే ముడత నడుమ చేరి కూసుంటది. ఆ తర్వాత జానెడు జానెడుకు టాకాలు ఎయ్యి. ఈ టాకాల కాడనే అందరూ తొందరపడ్తరు. ఇవి ఒంకరపోతే కుట్టంత ఒంకరే.

వరుసకు వరుసకు రెండు వేళ్ళ ఎడం చాలు. కుడిచెయ్యి సూది దించుతది, ఎడమచెయ్యి బొంత కింద ఉండి మొన తగలంగనే పైకి తిప్పుతది. అన్ని పొరలు దాటిందా లేదా అన్నది కన్నుకు కనబడదు, ఆ కింది వేలికే తెలుస్తది. అందుకే బొంతలు కుట్టే ఆడోళ్ళ ఎడమ చూపుడు వేలు కొసన చర్మం గరుకుగుంటది. నీ వేలు ఇంకా మెత్తగుంది, తొడుగు పెట్టుకో, నామోషీ ఏం లేదు. దారం గుంజి బిగించకు. బిగిస్తే కొత్తల పొంకంగనే కనబడ్తది, ఉతికినంక ఆ దారమే గుడ్డను కోస్తది. ఇంట్ల మిషన్ మీద కుడ్తననుకోకు. ఎనిమిది పొరలకు సూది ఇరగొచ్చు.

మానుకోట దోస్తుకు బొంత వద్దనే అంట. వాళ్ళమ్మ చేతి పని చూసినవ్ కద, పేటియా అనే లంగ మీద అద్దాలు, గవ్వలు, ఒక్కో అద్దం చుట్టూ ఎంత సన్నటి కుట్టు! ఆ ఇంటికి నువ్వు ఫోన్ల చూసి నేర్చిన అద్దాల కుట్టు తీసుకపోతే వాళ్ళు మంచోళ్ళు కాబట్టి నవ్వి ఊకుంటరు. నేర్పమని పొయ్యి అడుగు, నాలుగు పూటలు ఆమె పక్కన కూసో. అమెరికా అక్కకు అద్దాల పని కావాల్నంటే ఆమెతోనే కుట్టించు, అడిగినంత ఇయ్యి. పట్నంల దుకాణపోడు చెప్పిన రేటుకు నోరు మెదపకుండ ఇచ్చి తండాల గీచి గీచి బేరం చేసేటోళ్ళంటే నాకు మండుతది. ఇంకొకటి, పాత పేటియాలను ముక్కలు కోసి మెత్తల మీద అతికే ఫ్యాషన్ ఒకటి వచ్చింది. నువ్వు ఆ పని చెయ్యకు. ఆ తీరు పేటియా తొడిగే ముసలోళ్ళు తండాలల్ల తగ్గుతున్నరు, అవి సక్కగ ఉండనియ్యి.

అమెరికా సంగతి. విమానంల పెట్టెకు ఇరవై మూడు కిలోలే. నాలుగు చీరెల బొంత రెండు కిలోల దాక తూగుతది, పచ్చళ్ళు, పొడులు, మీ అమ్మ కట్టే సకినాలు ఎక్కడ పెడ్తరు? అక్కకు పల్చగ కుట్టు, అక్కడ ఉతికేదీ ఆరబెట్టేదీ మిషనే, మందపుది దాంట్ల ఏసి తిప్పితే కుట్లు తెగుతయి. పుట్టే బిడ్డకు అద్దం, గవ్వ, పూస, గుండీ ఏదీ పెట్టకు, నోట్లె ఏసుకుంటరు. ఇంకోటి, ఏడాది నిండని పిల్లలు పండే తావుల దుప్పట్లు, మెత్తలు ఉంచొద్దని అక్కడి పిల్లల డాక్టర్ల సంఘం గట్టిగ చెప్తదట. మన ఇండ్లల్ల బొంతల చుట్టే పెంచినమని వాదన పెట్టుకోకు. మెలకువగ ఉన్నప్పుడు నేల మీద ఏసి ఆడిచ్చే బొంత కుట్టు, చతురస్రంగ, గజం పొడుగు గజం వెడల్పు. అది పాకేదాక పనికొస్తది.

అక్కనే ఒకసారి ఫోన్ల చూపించింది, అలబామా రాష్ట్రంల గీస్ బెండ్ అని ఒక పల్లె ఉన్నదట. అక్కడి నల్లజాతి ఆడోళ్ళు పొలం పనిల అరిగిన ప్యాంట్లు, అంగీలు కోసి కుట్టిన బొంతలు 2002ల హ్యూస్టన్ల, ఆ తర్వాత న్యూయార్క్‌ల మ్యూజియంలల్ల గోడలకు ఏలాడదీసిన్రట, 2006ల వాటి బొమ్మలతోని తపాలా బిళ్ళలు సుత వచ్చినయట. మోకాలి కాడ వెలిసిన నీలం, జేబు ఊడదీసిన చోట ముదురు నీలం, అట్లనే కనబడ్తయి. గోడకు ఏలాడదీయాలని వాళ్ళు కుట్టలేదు. చలికి పిల్లలు వణుకుతున్నరని కుట్టిన్రు. నీ అంగీలు, మీ నాయిన గళ్ళ లుంగీలు పారెయ్యకుండ ఊరికి పట్టుకరా, డోర్నకల్ బొంతకు కింది పొరకు పెడ్దాం.

రవికె ముక్కలన్నీ తీసి నూలువి ఒక మూట, మెరిసేటివి ఒక మూట కట్టి పెట్టిన. వచ్చేటప్పుడు బొంతలకు ముతక నూలు దారం ఉండలు తెల్లయి, ఎర్రయి తీసుకరా, మనూర్ల దుకాణంల నైలాన్ దారమే అంటగడ్తున్నడు. పెద్ద కన్ను సూదులు సుత ఒక పొట్లం తే, సన్న సూదిల దారం ఎక్కియ్యనీకి నా కండ్లు ఆనుత లెవ్వు.