గంపయు కవరును

ఒక పాత్ర తనలో నుంచిన వస్తువుకంటె నెక్కువకాలము నిలుచుట వింత గాదు. ఇత్తడిబిందె నీటికంటె నిలుచును. మరల మరల నీటిని మోయును గనుక దానిని మనము తప్పుపట్టము. ఒక్కమారు మోసి, మరి యెన్నడును మోయక, అయినను నశింపని పాత్రను గూర్చియే మా సందేహము. పావుకిలో పచ్చిమిరపకాయలు అంగడినుండి యిల్లు చేరుటకు అర్ధగంట చాలును. ఆ యర్ధగంటకొఱకు మనము తీసికొను కవరు మన మనుమల కాలమునను మురికికాలువలో నుండును. స్వల్పసుఖము మనది, దీర్ఘభారము పరులది. ధర్మశాస్త్రములు చెప్పిన ఋణములలో నిది చేరలేదు. చేరదగినదని మా యభిప్రాయము.

సామగ్రి లేక యీ కవరు నాశ్రయించితిమని ఉత్తర తెలంగాణమువారు చెప్పుటకు వీలులేదు. పూర్వపు కరీంనగరము, ఆదిలాబాదు జిల్లాల యడవులలో మోదుగ, టేకు, వెదురు గలవు. మోదుగాకు ఇస్తరి యగును, పూలకును మాంసమునకును పొట్లమగును. వర్షములు వెనుకబట్టి సీతాఫలములు వచ్చు దినములలో స్త్రీలు అడవినుండి కాయలు దెచ్చి, ఆకులు పరచిన గంపలలో బేర్చి బాటప్రక్కల నమ్ముదురు. ఇందులో శాస్త్రము గలదు. కోసినంతమాత్రమున పండు చావదు. ఊపిరి తీయుచునే యుండును, వేడిని తేమను విడుచుచునే యుండును. వెదురుసందులగుండ ఆ యావిరి పోవును. కవరులో మూతిగట్టిన కొత్తిమీర తన చెమటలో తానే కుళ్లును. సీతాఫలము కొలది దినములలోనే మగ్గి పగులునది. దానికి గాలియు మెత్తనయు రెండును గావలెను.

ప్రభుత్వమువారు చట్టము చేయలేదా యనిన, చేసిరి. 2021 ఆగస్టులో కేంద్రప్రభుత్వము సవరించిన నియమముల ప్రకారము ప్లాస్టిక్కు చేతిసంచి మందము ఆ సంవత్సరము సెప్టెంబరు 30 నుండి 75 మైక్రానులకును, 2022 డిసెంబరు 31 నుండి 120 మైక్రానులకును తగ్గరాదు. అయినను పల్చని కవరు అంగడిలో వ్రేలాడుచునే యున్నది. తనిఖీ జరిగినప్పుడు జరిమానా యెవరిది? గంపముందు కూర్చున్న కూరగాయల స్త్రీది. కవరు నడిగినది మనము. “కవరు లేదా? పక్కామె దగ్గర తీసుకుంట” అని లేచినదియు మనమే. చదువుకొన్న గృహస్థుడు చేతులూపుకొనుచు అంగడికి బోయి, తన సౌకర్యముకొఱకు బీదరాలిని నేరస్థురాలిని జేయుట నీతి యెట్లగును?

కొందఱు మిత్రులు గుడ్డసంచియే దీనికి మందనుచు సభ కొకటి, పెండ్లి కొకటి చొప్పున పంచుచున్నారు. తొందరపడరాదు. 2018లో డెన్మార్కు ప్రభుత్వపు పర్యావరణశాఖ ప్రకటించిన పరిశోధనలో, భూతాపమును మాత్రము లెక్కించినయెడల సాధారణపు నూలుసంచిని 52 మార్లు, అన్నివిధముల హానిని గణించినయెడల 7,100 మార్లు వాడినగాని పాలిథీను సంచికి సరిరాదని తేలినది. వీధుల బడు చెత్త ఆ లెక్కలో చేరలేదు. మన వీధులలో ఆవులు కవరులు మేయుచున్నవి. కావున ఆ యంకెలను యథాతథముగా గ్రహింప బనిలేదు. కాని ఆదిలాబాదు నల్లరేగడిలో పత్తి పండించువాని యెరువుల యప్పు, మందుల యప్పు నెరిగినవారు నూలును నిర్దోషమని చెప్పజాలరు. ముప్పది గుడ్డసంచులు బీరువాలో దాచి, ముప్పదియొకటవదానిని సంతోషముతో నందుకొనువాడు కవరు వాడువానికంటె మేలైనవాడు కాడు.

మేదరివాడు గంప లల్లుట మరవలేదు. వెదురే వానికి దూరమైనది. 1938లో స్థాపింపబడిన సిర్పూరు కాగితపు మిల్లునకు గుజ్జు గావలసివచ్చి, అడవి వెదురు కాగజ్‌నగరమునకు దరలినది. 2006 నాటి అటవీహక్కుల చట్టము వెదురును చిన్నతరహా అటవీఫలసాయములో జేర్చి అడవివాసులకు హక్కు నిచ్చినది. 2017 నాటి సవరణ అడవి వెలుపల పెరిగిన వెదురును చెట్టుల లెక్కనుండి తొలగించినది. ఊరిబజారులో కూర్చున్న మేదరి మాత్రము కొని యల్లవలసినవాడే. ఆ గంప వెల విని “అంతనా!” యని నోరు తెరచువారు, నెలకొక్కమారు హోటలులో నంతకు పదిరెట్లు చెల్లించి మాటాడక వచ్చుచున్నారు.

ఇంకొక మాట నిష్పక్షపాతముగా జెప్పవలెను. జగిత్యాల మామిడి లారీలలో దూరదేశములకు బోవునప్పుడు, ఒకదానిపై నొకటి పేర్చిన గంప వంగును, కాయ నలుగును. నలిగిన కాయతోడ రైతు నీరు, ఎరువు, కూలి యన్నియు నేలపాలు. అచ్చట గట్టి ప్లాస్టిక్కు క్రేటు పలుమార్లు పోయి వచ్చుచుండిన దానిని నిందింప మాకు నోరు రాదు. ఇత్తడిబిందెకు మనము చూపిన న్యాయమునే దీనికిని చూపవలెను. అది తిరిగి వచ్చుచున్నదా యనునదే మా ప్రశ్న.

గంపను తిరిగి రప్పించుటకు పాత యుపాయ మొకటి యున్నది: గంప వెలను కాయల వెలతో గూడ తీసికొని, వట్టిగంప తెచ్చినవారికి మరల నిచ్చుట. సోడాబుడ్డికి చెల్లిన యీ పద్ధతి సీతాఫలపు గంపకు చెల్లకపోవుటకు కారణము మాకు కనబడదు. అయితే ఆ పైకమును బాటప్రక్కన నమ్ముకొను స్త్రీ ముందుగా పెట్టలేదు. మేదరికి మొదటి నూరు గంపల వెల నిచ్చుట మార్కెటు కమిటీలకు తగిన పని. అవి చేయనిచోట ఒక వాడలోని పది కుటుంబములు కలిసిన జరుగును.