చీకటిలో కూడుకొను వెలుగు

ధ్యాన భాగములు: లూకా 18:1–8, యోబు 38:31–33



యోబు గ్రంథములో దేవుడు తన సేవకుని ప్రశ్నించుచు కృత్తికలను, మృగశీర్షను పేరు పెట్టి చూపించెను. ఆ మృగశీర్ష నేటికిని చలికాలపు రాత్రులలో మన యిండ్లమీద వెలుగుచున్నది. వరుసగా నిలిచిన దాని మూడు నక్షత్రములను చిన్నబిడ్డలు సహితము గుర్తుపట్టుదురు. వాటికి దక్షిణమున, నడుమునుండి కత్తి వ్రేలాడినట్టు, మరికొన్ని మసక చుక్కలు కలవు. వాటి మధ్యనున్నది ఒంటి నక్షత్రము కాదు. అది వాయువును ధూళియు కలిసిన గొప్ప మేఘము, క్రొత్త నక్షత్రములు పుట్టుచున్న స్థలము. దానిని నీహారిక యందురు. అది మనకు సుమారు 1,340 కాంతి సంవత్సరముల దూరముననున్నది.

ఈ దినములలో కొందరు చిన్న టెలిస్కోపునకు డిజిటల్ కెమెరాను తగిలించి ఈ మేఘమును ఫొటో తీయుచున్నారు. ఆ పని యెట్లు జరుగునో కొంచెము ఓపికతో వినుడి. ప్రార్థించి ప్రార్థించి విసిగినవారికి అందులో ఒక మాట కలదు.

మొదట కెమెరా లెన్సును ఊడదీయుదురు. టెలిస్కోపులో కన్ను పెట్టి చూచు కటకమును కూడ తీసివేయుదురు. లెన్సు ఉండిన చోట టి-రింగు అను లోహపు ఉంగరమును బిగించి, దానికి పొట్టి గొట్టమొకటి చేర్చి, టెలిస్కోపు వెనుక భాగములో అమర్చుదురు. ఇక టెలిస్కోపే కెమెరాకు లెన్సు. ఇది నిమిషములలో అగు పని. కష్టమంతయు తరువాతనే.

ఏలయనగా మన భూమి నిలిచియుండదు. 400 మిల్లీమీటర్ల నాభ్యంతరము గల చిన్న టెలిస్కోపును కదలక నిలిపి, కెమెరాను ఒకటి రెండు సెకనులకు మించి తెరచియుంచినయెడల, నక్షత్రములు చుక్కలుగా నుండక గీతలగును. కాబట్టి దానిని గడియారమువలె నెమ్మదిగా తిరుగు పీఠముమీద నిలుపవలెను. ఆ పీఠపు ఇరుసును ధ్రువ నక్షత్రమువైపు సరిచేసి, భూమి తిరుగు దిక్కునకు ఎదురుగా, 23 గంటల 56 నిమిషములకు ఒక చుట్టు చొప్పున త్రిప్పుదురు. హైదరాబాదులో ధ్రువ నక్షత్రము ఉత్తరమున సుమారు 17 డిగ్రీల ఎత్తుననే యుండును గనుక, మేడలు చెట్లు అడ్డము వచ్చి దానిని కనుగొనుటయే కొందరికి ప్రయాస.

ఇంత చేసి తీసిన మొదటి చిత్రములో ఏమి కనబడును? మేఘపు నడిమి భాగము వెంటనే కనబడును. కాని దానికి ఇరుప్రక్కల విశాలమైన రెక్కలున్నవి. అవి ఆ చిత్రములో కనబడవు. ఇసుక చల్లినట్టు గరుకు మాత్రమే యుండును. చూచినవాడు అక్కడ ఏమియు లేదనును. అయితే అనుభవముగలవాడు కెమెరాను మూయడు. అదే చోటును పదిమారులు, ఏబదిమారులు, నూరుమారులు తీసి, వాటినన్నిటిని కంప్యూటరులో ఒకదానిమీద ఒకటి చేర్చును. 100 చిత్రములు చేర్చినప్పుడు మేఘపు వెలుగు 100 రెట్లగును. ఆ గరుకు ఒక్కొక్క చిత్రములో ఒక్కొక్క రీతిగా పడును గనుక 10 రెట్లే పెరుగును. అప్పుడు రెక్కలు బయలుపడును. ప్రియులారా, అవి నూరవ చిత్రములో క్రొత్తగా వచ్చినవి కావు. మొదటి చిత్రములోనే యున్నవి.

మన కన్ను వెలుగును సెకనులో పదియవ వంతు కాలమునకు మించి కూడబెట్టలేదు. రాత్రియంతయు చూచినను, చూపు ఎప్పటికప్పుడు క్రొత్తదే. కెమెరా కూడబెట్టును. 1880లో హెన్రీ డ్రేపరు అమెరికాలో ఈ నీహారికను మొదట ఫొటో తీసినప్పుడు 51 నిమిషములు పలకను తెరచియుంచెను. 1883లో ఇంగ్లండులో ఆండ్రూ కామన్ తీసిన చిత్రములో కంటికి కనబడని నక్షత్రములే కనబడెను. అనేకుల ప్రార్థన ఆ కన్నువంటిది. ఒక్క క్షణము చూచి, లేదని తిరిగిపోవుదురు. ప్రభువు చెప్పిన ఉపమానములోని విధవరాలు అట్లు తిరిగిపోలేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త వలెను. చిత్రములను చేర్చుట వెలుగును పుట్టించదు. వెలుగే రాని చోట వేయి చిత్రములు చేర్చినను మేఘము కనబడదు. విస్తారమైన మాటలవలన వినబడుదుమని తలంచువారిని ప్రభువు మత్తయి 6లో గద్దించెను గదా. మన పట్టుదల దేవుని కదల్చు మీట కాదు. నేడు కెమెరామీద పడుచున్న వెలుగు 1,340 ఏండ్ల క్రిందటనే, మన భాషలో నన్నయ కలము పట్టకముందే, బయలుదేరెను. మనము పిలువకముందే ఉత్తరమిచ్చు దేవునిగూర్చి యెషయా 65లో చదువుచున్నాము.

మరియొక సంగతి కూడ చెప్పవలెను. వీరు టెలిస్కోపునకు మూత పెట్టి, అంతే సేపు కొన్ని చిత్రములు తీయుదురు. చీకటిలో తీసినను వాటిలో చుక్కలుండును! అవి కెమెరాలోని వేడివలన పుట్టినవి. వాటిని అసలు చిత్రములోనుండి తీసివేయుదురు. కుమార్తె సంబంధమును మనస్సులో ముందే నిశ్చయించుకొని, ప్రార్థనలో దేవుడు చూపించెనని చెప్పువారు ఈ మూత చిత్రమును ఒకమారు తీసి చూచుకొనుట మేలు.

పౌలు తన ముల్లు తొలగవలెనని మూడు మారులు వేడుకొనెను. అది తొలగలేదు. కృప దొరికెను. కాబట్టి అడిగినదే దొరకునని నేను మీకు వాగ్దానము చేయజాలను. అయితే మన సంఘములలో జరుగుచున్న ఒక పని చూడుడి. బుధవారపు ప్రార్థన కూటములో రోగులయొక్కయు, ఇల్లు విడిచిన కుమారులయొక్కయు పేర్లు చదువబడును. నాలుగు వారములైన పిదప, మార్పు లేదని ఆ పేరు మెల్లగా జాబితానుండి జారిపోవును. మంచముమీదనున్న ఆయన యింకను మంచముమీదనే యున్నాడు. ఆ తల్లి యింకను వీధి గుమ్మమువైపు చూచుచున్నది. ఆమె యొక్కతే ప్రార్థించుచున్నది.

వచ్చే బుధవారము కూటమునకు వచ్చునప్పుడు, మీ బైబిళ్లలో మడిచి పెట్టిన పాత చీటీలను తీసికొనిరండి. ఆ పేర్లను మరల చదువుదము.