కోతకాలపు వాగ్దానమును మన పొగయు

ధ్యాన భాగము: ఆదికాండము 8:20–22



ఓడ దిగిన నోవహు మొదట ఇల్లు కట్టలేదు, దుక్కి దున్నలేదు. బలిపీఠము కట్టెను. దాని పొగ పైకి లేచినప్పుడే దేవుడు తన హృదయములో ఒక నిశ్చయము చేసికొనెను: ఈ నేల ఉన్నంత కాలము ఋతువులు తమ వరుస తప్పవు, విత్తుటయు కోయుటయు నిలిచిపోవు.

ఇటీవల ఒక గ్రామ కూటము ముగిసిన తరువాత ఒక పెద్దాయన మమ్మును నిలువబెట్టి అడిగెను: "అయ్యగారూ, గాలి చెడిపోయెననియు లోకము వేడెక్కుచున్నదనియు మా మనుమలు చదివి చెప్పుచున్నారు. దేవుడు నోవహుకు మాట ఇచ్చినాడు గదా! ఇక మనకు దిగులెందుకు?" అది విశ్వాసముతో అడిగిన ప్రశ్న గనుక నవ్వి త్రోసివేయుటకు మాకు మనస్సు రాలేదు. ఆనాడు చాలినంత జవాబు చెప్పలేకపోతిమి. ఇప్పుడు వ్రాయుచున్నాము.

బొగ్గుపులుసు గాలి అను వాయువును మీరు వినియుందురు. మనము విడుచు ఊపిరిలో ఉన్నదియు, కట్టెయు బొగ్గును పెట్రోలును కాలినప్పుడు పుట్టునదియు అదే. దానిని శత్రువని తలంచవద్దు. పైరు తన ఆకులతో దానినే పీల్చి, ఎండ బలముచేత గింజగా మార్చును. భూమినుండి పైకి పోవు వేడిమిని అది గొంగళివలె కొంత ఆపును. ఆ గొంగళి లేనియెడల మనము చలికి బ్రదుకలేము. అయితే వేసవి రాత్రి ఒకదానిపై ఒకటి గొంగళ్లు కప్పుచు పోయినయెడల ఏమగును?

1958 మార్చి నెలలో ఛార్లెస్ డేవిడ్ కీలింగ్ అను శాస్త్రజ్ఞుడు పసిఫిక్ మహాసముద్రమందలి హవాయి ద్వీపములో, ఊళ్ల పొగ సోకని మౌనా లోవా కొండమీద, ఇంచుమించు 11,000 అడుగుల ఎత్తున ఈ వాయువును కొలుచుట ప్రారంభించెను. పది లక్షల పాళ్ల గాలిలో అది 313 పాళ్లు ఉండెను. త్వరలోనే ఒక వింత బయలుపడెను. భూమి ఉత్తర భాగమందలి అడవులును పొలములును చిగిర్చు కాలమున ఆ లెక్క కొద్దికొద్దిగా దిగును. ఆకు రాలు కాలమున మరల ఎక్కును. ఏటేట ఆరు పాళ్లు, ఇంచుమించుగా. భూమి ఊపిరి పీల్చి విడుచుచున్నట్టే! కాగితముమీద గీసినయెడల అది రంపపు పండ్లవలె కనబడును. (1964లో ధనము చాలక కొన్ని వారములు ఆ పని ఆగెనట. ఇంత విలువైన లెక్కకు అంత కొద్ది సొమ్ము కరవగుట చూడుడి! కీలింగ్ 2005లో మరణింపగా ఆయన కుమారుడు ఆ పనిని సాగించుచున్నాడు.)

ఒక్క ఏడైనను ఆ దిగుడు తప్పలేదు. దేవుని మాట నిలిచియున్నది. కాని రంపము నిలువుగా లేచుచున్నది. అంటార్కిటికా మంచులో చిక్కుకొన్న పాత గాలి బుడగలనుబట్టి చూడగా, బొగ్గు యంత్రములు రాకమునుపు ఆ వాయువు 280 పాళ్లు మాత్రమే. 2013లో మౌనా లోవా లెక్క మొదటిసారి 400 దాటెను. 2025 మే నెల సగటు 430 దాటెను.

కావున, పెద్దాయనా, మా జవాబిది. ఆ ఒక్క గీతలో ఇద్దరి చేతివ్రాతలున్నవి. దిగి ఎక్కు పండ్లు దేవుడు నడిపించు ఋతువులు. పైకి పోవు వాలు మనము పెట్టిన నిప్పు. కాలువకు నీరు తప్పక వదలుదునని చెప్పిన యజమానుడు, మనము గట్టు తెగగొట్టినను పొలము మునగదని చెప్పలేదు గదా. ఇదంతయు దేవుని ఉగ్రతయే అని కొందరు ప్రసంగించుచున్నారు. మేమట్లు అనజాలము. నిప్పు పెట్టిన చేయి ఎవరిదో తెలిసియుండగా నేరము ఆయనమీద మోపుట న్యాయమా?

"పైరుకు ఆహారమే గదా, పెరిగిన మేలే" అనువారును కలరు. సగము నిజమే. చైనా, జపాను దేశముల వరి మళ్లలో గొట్టములద్వారా ఆ గాలిని వదలి, 570 మొదలు 590 పాళ్ల వరకు పెంచి, 18 రకముల వరిని పండించి చూచిరి. 2018లో ఫలితము ప్రకటించిరి. బియ్యములో మాంసకృత్తులు సగటున నూటికి 10 వంతులు, ఇనుము 8 వంతులు, జింకు 5 వంతులు తగ్గెను. కొన్ని బి విటమినులు అంతకంటె ఎక్కువగా తగ్గెను. గింజ చూపునకు గింజయే. లోపలి బలము తరిగినది. అరణ్యములో ఇశ్రాయేలీయులు ఆశించినది పొందియు ప్రాణమున క్షీణించిరని 106వ కీర్తన చెప్పు సంగతి ఇక్కడ మాకు జ్ఞాపకము వచ్చుచున్నది. మాంసము, పాలు, గ్రుడ్లు కొనగలవారు ఆ లోటు పూడ్చుకొందురు. మూడు పూటలు అన్నము, పచ్చడితోనే గడుపుకొను తల్లియు, ఆమె కడుపులోని బిడ్డయు ఏమి చేయుదురు?

ఆ తల్లి కాల్చినది ఎంత? అమెరికాలో తలకు ఏడాదికి ఇంచుమించు 14 టన్నుల ఈ వాయువు విడువబడుచుండగా, మన దేశములో అది 2 టన్నులే. పల్లెలోని బీదవానిది అంతకంటె చాల తక్కువ. అయినను మనము చేతులు కడుగుకొనలేము. మన దేశపు కరెంటులో నాలుగింట మూడు వంతులు బొగ్గునుండి వచ్చుచున్నది. ప్రార్థనాలయములో మన ఫ్యానులు తిరుగుచున్నదియు దానితోనే. సింగరేణి గనిలో దిగి బిడ్డలను పోషించుకొను సహోదరుని మేము తప్పుపట్టుట లేదు. ఆయన త్రవ్వినది మనమందరము వాడుకొనినదే. ఆదామును తోటలో ఉంచినది సేద్యము చేయుటకు మాత్రమే కాదు, దానిని కాచుటకును. ఆ రెండవ పనినిగూర్చి మా ప్రసంగములలో మేము ఎంత తక్కువ చెప్పితిమో తలంచుకొనగా సిగ్గు కలుగుచున్నది.

ఈ యేటి కోత పండుగనాడు ఈ భాగమునే చదువుదమనుకొనుచున్నాము. తప్పక వచ్చిన ఋతువులకై స్తోత్రము చెల్లించి, పిమ్మట మన పొగనుగూర్చి మోకాళ్లూని ఒప్పుకొందము. కోత కాగానే గడ్డిని పొలములో తగులబెట్టక పశువులకు వేసెడివారు ఎవరెవరో ఆనాడు సంఘములో చెప్పవలెనని కోరుచున్నాము. ఆ పెద్దాయన మొదటి పనను తానే తెచ్చెదనని మాట ఇచ్చియున్నాడు.