ఫలము గానని కాయకము



లోకమందలి అన్యాయమును జూచి "ఎందరు మహాత్ములు పుట్టినను ఇది మారునా?" యని నిట్టూర్చువారు మన యిండ్లలోను కలరు. ఆ నిట్టూర్పునకు చరిత్రయే సమాధానము.

పండ్రెండవ శతాబ్దిలో కల్యాణమునందు బసవేశ్వరుడు అన్ని వృత్తులవారిని ఒక్క పంక్తిలో కూర్చుండబెట్టెను. చెప్పులు కుట్టు హరళయ్య కుమారునకు, బ్రాహ్మణుడైన మధువరసుని కుమార్తెకు పెండ్లి జరిగెననియు, అందులకై ఆ తండ్రులిద్దరును ప్రాణములు కోల్పోయిరనియు శరణ సంప్రదాయము చెప్పుచున్నది. కల్యాణము కల్లోలమైనది, శరణులు చెల్లాచెదరైరి. అంతయు ముగిసినదని ఆనాటివారికి తోచియుండును. కాని వచనములు తాటాకులపై నిలిచినవి. పాల్కురికి సోమనాథుడు బసవని కథను తెలుగు ద్విపదలో ఇంటింటికి అందించెను.

ఇక మన కాలమునకు, మన నగరమునకు వత్తము. పాతబస్తీ నుండి మూసీ దాటినచో సమీపముననే ఇసామియా బజారు కలదు. 1910లో అక్కడ అంటరానివారనబడిన బిడ్డలకు ఒక బడి వెలసినది. దానిని నెలకొల్పినవారు భాగ్యరెడ్డి వర్మ. 1888లో ఈ నగరముననే మాల కుటుంబమున జన్మించిరి. 1906లో జగన్మిత్ర మండలిని స్థాపించి హరికథలతో ప్రబోధము చేసిరి. దేవుని పేర ఆడపిల్లలను జోగినులుగా విడుచు దురాచారమును ఎదిరించిరి. 1917లో బెజవాడ మహాసభకు అధ్యక్షత వహించి, పంచములను పేరును త్రోసిపుచ్చిరి. 1931 జనాభా లెక్కలలో నిజాం రాజ్యము వారిని ఆది హిందువులుగా నమోదు చేసినది.

వర్మగారు 1939లో కన్నుమూసిరి. అంటరానితనమును నిషేధించిన రాజ్యాంగము 1950లో అమలునకు వచ్చినది. జోగిని ఆచారమును నిషేధించు చట్టము ఆంధ్రప్రదేశ్‌లో 1988లో గాని రాలేదు. ఈ రెండింటిని వారు చూడలేదు. ఫలము కానరాలేదని మాత్రము పని మానలేదు.

ఆశ యనగా రేపటి మంచికై చేతులు కట్టుకొని ఎదురుచూచుట కాదు. అదియు ఒక కాయకమే. చేయువానికే అది దక్కును. చూచుచు కూర్చున్నవానికి నిట్టూర్పే మిగులును.

కావున మనలను మనమే ప్రశ్నించుకొందము. లింగధారులలోనే శాఖలు లెక్కించి సంబంధములు కుదుర్చుకొనుచు హరళయ్య పేరు పలుకుట తగునా? ఈ సంవత్సరము మన దాసోహపు పంక్తిలో వీధి నూడ్చు కార్మికుని మన ప్రక్కనే కూర్చుండబెట్టుకొందము. చదువు మానవలసిన ఒక్క బిడ్డకైన ప్రతి కుటుంబమును పుస్తకములు కొనియిచ్చునుగాక! దాని ఫలమును మన మనుమలు చూచినను చాలును.

శరణు శరణార్థి.