అరుగు ఎవరి కొరకు?

(ధ్యాన భాగములు: ఆదికాండము 18:1-8; ద్వితీయోపదేశకాండము 22:8; లూకా 14:12-14, 28-30; యాకోబు 2:1-4)



మన పెద్దలు కృష్ణా జిల్లా మెట్టప్రాంతమని పిలిచిన నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతములు 2022 ఏప్రిల్ 4 నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినవి. జిల్లా పేరు మారినట్లే ఇండ్ల ముఖము కూడ మారుచున్నది. తాటాకు పాకలున్న చోట డాబాలు లేచినవి. దేవుడు మన బిడ్డలకు చదువులను, ఉద్యోగములను ఇచ్చెను. ఇందుకు స్తోత్రము.

డాబా పూర్తియైన తరువాత ఇంటివారికి మరియొక కోరిక పుట్టుట సహజము. చుట్టములు వచ్చినప్పుడు ఆరుబయట చల్లగా కూర్చుండుటకు ఒక చోటు కావలెను. కొందరు దానిని సిటౌట్ అందురు. కొందరు పెరటిలో రేకుల పందిరి వేసి, క్రింద టైల్సు పరచి, ఉయ్యాల బల్ల వ్రేలాడదీయుదురు. కొందరు డాబా మీదనే ఏర్పాటు చేసికొందురు. పేరేదైనను అది మన తాతల నాటి అరుగునకు, ముంగిటి పందిరికి మనుమడే. ఇట్టి చోటు కట్టుకొనుట తప్పా? తప్పు కానియెడల దానిని ఎవరి కొరకు కట్టవలెను? ఈ నెల మనము కలిసి ఆలోచింపవలసిన ప్రశ్న ఇదే.

ఇది తాపీమేస్త్రీతో మాటలాడుకొనవలసిన సంగతి గాని బైబిలు తెరచి చూడవలసిన సంగతి కాదని ఎవరైన అనవచ్చును. అయితే ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము 8వ వచనము చూడుడి. క్రొత్త యిల్లు కట్టువాడు మిద్దె అంచున పిట్టగోడ తప్పక కట్టవలెనని దేవుడు ఆజ్ఞాపించెను. ఎవరైన అక్కడనుండి పడినయెడల ఆ దోషము ఆ యింటి మీదికి వచ్చునట. ఆ పిట్టగోడ ఇంటి యజమానుని కొరకు మాత్రమే కాదు. పైకి వచ్చు ప్రతి మనుష్యుని కొరకు. కాబట్టి దేవుడు మన ప్లానులను కూడ చూచుచున్నాడు. ఇంటికి వచ్చువారి క్షేమమును గూర్చి ఆయన మనలను అడుగును.

ఇప్పుడు పాత అరుగును జ్ఞాపకము చేసికొందము. మన నేల సున్నపురాతి నేల. జయంతిపురములోను ముక్త్యాలలోను సిమెంటు కర్మాగారములు వెలసినది ఈ రాతిని బట్టియే. ఇట్టి నేలలో రాతిపలకలు పరచిన అరుగు ఎండాకాలపు రాత్రి ఎంత హాయినిచ్చెడిదో పెద్దలెరుగుదురు. బాటసారి దానిమీద మూట దింపుకొనెడివాడు. ముసలివారు దానిమీదనే నడుము వాల్చెడివారు. తగవులు అక్కడ తీరెడివి, పెండ్లిమాటలు అక్కడ కుదిరెడివి. పిల్లలు అక్కడనే ఓనమాలు దిద్దిన వీధిబడులుండెడివి. అరుగు ఇంటివారి సొత్తే, అయినను సగము వీధిదే.

అయితే ఆ అరుగునకు ఒక అవమానము కూడ కలదు. దాని మెట్లు అందరి కొరకు కాదు. మాలపల్లెనుండి, మాదిగపల్లెనుండి వచ్చినవాడు ఎంత వృద్ధుడైనను, ఎంత యెండలో వచ్చినను, అరుగు క్రిందనే నిలువబడవలెను. దాహమనినయెడల దోసిలి పట్టవలెను. నీళ్ళు పైనుండి పోసెడివారు. అరుగు ఎత్తు మూరెడే, అయినను ఆ మూరెడు ఎత్తును ఎక్కుటకు తరములు చాలలేదు.

1859లో నందిగామ చేరువనున్న రాఘవాపురమునకు చెందిన పగోలు వెంకయ్యగారు బాప్తిస్మము పొందిరి. ఆయన ఆ మెట్లు ఎక్కనియ్యబడని జనములోనే పుట్టిరి. ఆయన వెనుక అనేక పల్లెలలో సంఘములు లేచెను. అట్టి సంఘములు అనేకము గుడి కట్టుకొనక మునుపు చెట్టునీడను, తాటాకు పందిరి క్రిందను కూడుకొనెడివి. ఆ పందిరికి తలుపు లేదు. వచ్చినవాడు చాపమీద చోటు చూచుకొని కూర్చుండెడివాడు. అనేకులకు మరియొకనితో సమానముగ కూర్చుండుట అనగా ఏమిటో మొదట తెలిసినది అక్కడనే.

సహోదరులారా, ఇక్కడ ఒక్క క్షణము ఆగుదము. ఆనాడు అరుగు క్రింద నిలిచినవారి మనుమలము, మునిమనుమలము మనలో అనేకులము. నేడు మనమే అరుగులు కట్టుచున్నాము. మన అరుగు క్రింద ఎవరు నిలిచియున్నారు?

1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము 17వ అధికరణములో అంటరానితనమును రద్దు చేసెను. 1955లో అందుకు శిక్షలు విధించు చట్టము వచ్చెను. 1976లో అది పౌరహక్కుల పరిరక్షణ చట్టమని పేరు మార్చుకొనెను. బావి, హోటలు, బడి, గుడి మొదలగువాటి తలుపులను తెరువుమని చట్టము చెప్పగలదు. అయితే మన యింటి పందిరి క్రింద ఎవరికి కుర్చీ వేయవలెనో ఏ చట్టమును చెప్పజాలదు. చట్టము మన గేటు దగ్గర ఆగును. అక్కడనుండి మనస్సాక్షి పని మొదలగును.

అపొస్తలుడైన యాకోబు తన పత్రిక 2వ అధ్యాయములో కూర్చుండు చోటును గూర్చియే మాటలాడెను. బంగారు ఉంగరము పెట్టుకొనినవానికి మంచి స్థలము చూపి, మురికిబట్టలవానిని నిలిచియుండుమనుట, లేక కాళ్ళయొద్ద కూర్చుండుమనుట తీర్పరులు చేయు దుష్టత్వమని ఆయన గద్దించెను. యాకోబు సమాజమందిరమును గూర్చి వ్రాసెను గదా, ఇంటిని గూర్చి కాదే అందుమా? ఆదివారము గుడిలో ఒకే చాపమీద కూర్చుండి, సోమవారము మన యింటికి వచ్చిన ఆ సహోదరునే గేటు బయట నిలువబెట్టినయెడల, ఆ చాప అబద్ధమాడినట్లే గదా.

1910 జూనులో ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో, తరువాత 1912లో దోర్నకల్ బిషప్పుగా అభిషేకము పొందిన వి. యస్. అజరయ్యగారు మాటలాడిరి. తెల్ల మిషనరీల త్యాగమును ఆయన కాదనలేదు. అయితే వారు ఈ దేశపు క్రైస్తవులను దయగా చూచుట వేరు, స్నేహితులుగా చూచుట వేరని ఆయన చెప్పి, మాకు స్నేహితులు కావలెనని అడిగిరి. ఆ మాట ఆ సభలో పలువురికి రుచింపలేదు. ఈనాడు అదే మాట మనవైపు తిరిగియున్నది. పనివానికి పండుగనాడు పాత చొక్కా ఇచ్చుట దయ. పని ముగిసిన తరువాత, "రా అన్నా, పైకి వచ్చి కూర్చో" అని ప్రక్కన కుర్చీ వేయుట స్నేహము. మొదటిది సులువు, రెండవది మన గర్వమును ఖర్చు పెట్టించును.

ఇందుకు రెండు అభ్యంతరములు వినబడుచున్నవి. వాటిని త్రోసివేయక విందము.

మొదటిది: బీదలున్న లోకములో ఇట్టి చోటుకు డబ్బు వ్యయము చేయనేల? ఈ ప్రశ్నలో న్యాయమున్నది. వడ్డీకి తెచ్చి, పొరుగువానికంటె గొప్పగా కనబడుటకు కట్టువానికి లూకా 14వ అధ్యాయమే జవాబు. గోపురము కట్టబోవువాడు ముందుగా కూర్చుండి లెక్క చూచుకొనవలెనని ప్రభువు అక్కడ చెప్పెను. అయితే ఆ అధ్యాయములోనే, కొంచెము ముందు, విందుకు ఎవరిని పిలువవలెనో కూడ చెప్పెను. తిరిగి పిలువగల చుట్టములను, ధనవంతులను కాదు. బీదలను, అంగహీనులను, కుంటివారిని, గ్రుడ్డివారిని. అనగా ఆయన విందును మాన్పలేదు, పిలుపును మార్చెను. ఖర్చు ఎంతయని అడుగు ప్రభువే, ఎవరి కొరకని కూడ అడుగుచున్నాడు.

రెండవది: దారిని పోవు ప్రతివానికి తెరచియుంచినయెడల ఇంటికి క్షేమమేది? త్రాగినవారు వత్తురు, దొంగలు వత్తురు, ఆడబిడ్డలున్న యిల్లు. ఇదియు నిజమే. గేటు పెట్టుట పాపము కాదు. రాత్రి గడియ వేయుట అవిశ్వాసము కాదు. ఇంటివారు ఏకాంతముగ కూర్చుండుటకు పెరటిలో ఒక చోటు ఉంచుకొనవచ్చును. అయితే భయమును సాకుగా పెట్టుకొని ఎవరిని దూరముంచుచున్నామో పరీక్షించుకొందము. కారులో వచ్చిన అపరిచితునికి గేటు తెరచి, కాలినడకన వచ్చిన పరిచితునితో గేటు సందునుండి మాటలాడినయెడల, మనలను నడిపించునది భయము కాదు.

మమ్రేలో అబ్రాహామును చూడుడి. పగటి యెండవేళ అతడు గుడారపు వాకిటనే కూర్చుండెను. ముగ్గురు మనుష్యులు కనబడగానే ఎదురు పరుగెత్తెను. చెట్టునీడను కూర్చుండబెట్టి, కాళ్ళు కడుగుకొనుటకు నీళ్ళు తెప్పించి, భోజనము పెట్టి తాను నిలువబడెను. వారెవరో అతడు అడుగలేదు. అతని ఆతిథ్యమునకు పెద్ద కట్టడము లేదు; చెట్టునీడ, నీళ్ళు, భోజనము మాత్రమే. మరియు గమనించుడి: అక్కడ కూర్చుండినవారు బాటసారులు, నిలువబడినవాడు యజమానుడు.

కాబట్టి కట్టుకొనగలవారు కట్టుకొనుడి. కట్టునప్పుడు ఈ కొన్ని సంగతులు మనస్సున ఉంచుకొనుడి.

అరుగు అడుగున్నర ఎత్తునకు మించనియ్యకుడి. ముసలమ్మ కూడ సులువుగా కూర్చుండి లేవగలదు. మెట్టు ఒక్కొక్కటి ఆరు అంగుళములకంటె ఎత్తు వద్దు. ప్రక్కన పట్టుకొనుటకు ఒక కమ్మీ, కాళ్ళు లేనివాని బండి ఎక్కుటకు ఒక వాలుబాట ఉంచుడి. కుంటివారిని పిలువుమని ప్రభువు చెప్పెను గదా. వారు ఎక్కలేని చోటు కట్టి వారిని పిలుచుట ఎట్లు? నున్నని టైల్సు వానలో జారును. గరుకు రాయి మేలు. వాననీరు నిలువకుండ పలకలకు వీధివైపు కొంచెము వాటము పెట్టించుడి.

మన ప్రాంతములో మే నెల ఎండ 45 డిగ్రీలు దాటు దినములుండును. వట్టి రేకు క్రింద ఆ వేళ కూర్చుండుట కష్టము. తాటాకు చల్లనిది, కాని దానిని కొన్ని యేండ్లకొకసారి మార్చవలెను, పొయ్యికి దూరముగా ఉంచవలెను. అన్నిటికంటె చౌకయైనది, మేలైనది వేపచెట్టు. చోటున్నవారు పడమటివైపు ఒక మొక్క నాటినయెడల సాయంకాలపు ఎండను అది ఆపును. అరుగు కట్టు స్తోమత లేనివారు ఆ చెట్టు క్రింద ఒక బల్ల వేసినను చాలును. అబ్రాహామునకు అంతకంటె ఎక్కువ లేదు.

చివరకు, ఒక మూలను మంచినీళ్ళ కుండ పెట్టుడి. దాని ప్రక్కన అందరికి ఒకే రకపు గ్లాసులు ఉంచుడి. వేరుగా దాచిన ఒక గ్లాసు ఆ అరుగునంతటిని అపవిత్రపరచును. పాలు పోయు అమ్మ, మిరపకాయలు కోయవచ్చిన కూలీలు, వీధి ఊడ్చు పురపాలక సంఘపు పనివారు, గ్యాసుబండ మోసికొని వచ్చిన కుర్రవాడు, వీరే మన అరుగునకు పరీక్షాధికారులు. చుట్టములు వచ్చి బాగున్నదని మెచ్చుకొందురు. అయితే వీరు పిలువకయే మెట్లెక్కి కూర్చుండిననాడు అది నిజముగ బాగున్నది.

మన జగ్గయ్యపేట చేరువనున్న దిబ్బమీద ప్రాచీన బౌద్ధస్తూపము ఒకటి 1882లో బర్జెస్ దొరగారి త్రవ్వకములలో బయలుపడెను. ఇక్ష్వాకు రాజైన వీరపురుషదత్తుని 20వ సంవత్సరములో సిద్ధార్థుడను ఒక శిల్పకారుడు తన తల్లితోను, భార్యాబిడ్డలతోను కలిసి దాని తూర్పు ద్వారమునొద్ద అయిదు రాతిస్తంభములు నిలిపెనని అక్కడి శాసనము చెప్పుచున్నది. సమస్త ప్రాణుల హితము కొరకు, సుఖము కొరకు వాటిని నిలిపెనట. అతని విశ్వాసము వేరు, మన విశ్వాసము వేరు. అయినను చేతిపని చేసి బ్రదికిన ఒక కుటుంబము, ఇదే మెట్టనేలలో, సుమారు 1700 ఏండ్ల క్రిందట, ద్వారమునొద్ద రాయి నిలుపునప్పుడు అందరి మేలును తలంచెను. క్రీస్తును ఎరిగిన మనము మన ద్వారమునొద్ద రాయి వేయునప్పుడు అంతకంటె తక్కువగ తలంచుదుమా?

ఈ నెల కుటుంబ ప్రార్థనలో ఇంటివారందరు కూడి ఈ ప్రశ్నలు అడుగుకొనుడి: గడచిన సంవత్సరములో మన ముంగిట ఎవరెవరు కూర్చుండిరి? ఎవరు వచ్చి నిలువబడియే వెళ్ళిరి? నిలువబడినవారిలో ఒకరి పేరు తలంచుకొని, వారు మరల వచ్చినప్పుడు కుర్చీ వేయుదమని తీర్మానించుకొనుడి. అరుగు లేనివారు కూడ దీనిని ఈ దినమే చేయవచ్చును. ఒక చాప చాలును.

దాసుని రూపము ధరించి మనలను తన బల్లయొద్ద కూర్చుండబెట్టిన ప్రభువు, మన ఇండ్ల ముంగిళ్ళను తన ముంగిళ్ళుగా చేయును గాక. ఆమేన్.