చలికి ప్రతీకారం

హెల్మెట్ బకిల్ ఊడదీయడానికి రెండు వేళ్లు చాలు. ఆ రెండూ నా మాట వినడం మానేసి అప్పటికి అరగంటైంది. పక్క బెంచీ మీద కూర్చున్న కుర్రాణ్ని సాయం అడిగాను. వాడి వేళ్లదీ అదే కథ. ఇద్దరం ఎదురెదురుగా గడ్డాలెత్తి నిలబడి, ఒకడి బకిల్ని ఇంకొకడు మణికట్టు ఎముకతో నొక్కుతూ తంటాలు పడుతుంటే, ల్యాప్ బోర్డు తిప్పే పెద్దావిడ లోపలికొచ్చి, బడి నుంచి వచ్చిన పిల్లలకి చొక్కా గుండీలు విప్పినట్టు ఇద్దరివీ విప్పేసి వెళ్లిపోయింది. ఆవిడ కూడా అదే వానలో గంటసేపు నిలబడింది. ఆ సంగతి నాకు రాత్రికిగానీ తట్టలేదు.

జనవరిలో ఒక ఆదివారం. పశ్చిమ లండన్‌లో హేస్ దగ్గరుండే హిల్లింగ్డన్ సైకిల్ సర్క్యూట్. 3 డిగ్రీలు, వాన. నేల గడ్డకడితే రేసు రద్దు చేస్తారు, ఉత్త వానకి చెయ్యరు. మంచు పడితేనే నయం, దులిపితే రాలిపోతుంది. సున్నాకి కాస్త పైన పడే వాన మాత్రం మెడ దగ్గర మొదలై, తీరిగ్గా, ఎక్కడా తొందర లేకుండా లోపలికి దిగుతుంది.

మాది నాలుగో కేటగిరీ. ఇంగ్లండ్ అమెచ్యూర్ రేసింగులో అన్నిటికంటే కింది మెట్టు. మొదటి పదిమందిలో వస్తే పాయింట్లు, 12 పాయింట్లు పోగైతే మూడో కేటగిరీ. మూడు చలికాలాల్లో నా సంపాదన 2 పాయింట్లు. నాకు 44 ఏళ్లు. ఆసుపత్రి ఫార్మసీలో ఉద్యోగం, ఇద్దరు పిల్లలు, హౌన్స్‌లోలో ఇల్లు. ఒకటిన్నర కిలోమీటరు చుట్టు తారురోడ్డు మీద 40 నిమిషాలు తిరిగి, ఆపైన ఇంకో ఐదు చుట్లు తిరగడం కోసం తెల్లవారకముందే లేచి, చీకట్లో సైకిలు కారెక్కించుకుని వెళ్లే మనిషిని.

గుంపులో ముందువాడి చక్రం వెనక నక్కితే గాలి దెబ్బ మూడో వంతుకు పైనే తగ్గుతుంది. ఎండాకాలంలో అది వరం. వానలో ఆ చక్రం లేపే నీళ్లు సరిగ్గా నోటి ఎత్తుకి వస్తాయి. రేసు సైకిళ్లకి మడ్‌గార్డులు ఉండవు. నోరు మూసుకుంటే ఊపిరి చాలదు, తెరిస్తే ఇసకా కుళ్లిన ఆకుల రుచీ. ముందుకెళితే గాలి, వెనకుంటే నీళ్లు. నేనెప్పుడూ నీళ్లే ఎంచుకుంటాను.

కాళ్లకి రాసుకునే వేడి క్రీము ఒకటుంటుంది. అందులో పనిచేసే సరుకు క్యాప్సైసిన్, అంటే మిరపకాయ ఘాటు. గుంటూరు జిల్లాలో పుట్టి, డబ్బులిచ్చి లండన్‌లో మోకాళ్లకి మిరపకాయ రుద్దుకుంటున్నానని మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతుంది. ఫార్మసీ చదివాను కాబట్టి తెలుసు, అది వేడేమీ పుట్టించదు. వేడిని కనిపెట్టే నరాన్ని మభ్యపెడుతుంది. కాలు చల్లగానే ఉంటుంది, మనసు మాత్రం కాలిందనుకుంటుంది. తాడుని చూసి పామనుకోవడం గురించి వేదాంత గురువులు చెప్పే పాఠానికి ఇంతకంటే చవకైన ప్రయోగశాల దొరకదు. ఇంటికొచ్చి వేణ్నీళ్లు పోసుకున్నాక ఆ ఘాటు మళ్లీ లేస్తుంది, అది వేరే కథ.

అసలు నొప్పి రేసులో ఉండదు. గుండెకీ మెదడుకీ 37 డిగ్రీలు తగ్గకుండా చూసుకోడానికి ఒళ్లు వేళ్లని వదిలేసుకుంటుంది, అటు వెళ్లే రక్తం తగ్గించేస్తుంది. అప్పుడు వేళ్లకి ఏమీ తెలీదు. గేరు మార్చడానికి చెయ్యి మొత్తం తోస్తాను, బ్రేకు పట్టుకున్నానో లేదో కళ్లతో చూసుకుంటాను. వెచ్చటి గదిలోకి వచ్చి పావుగంటయ్యాక రక్తం వెనక్కొస్తుంది. అప్పుడుంటుంది. గోళ్ల కింద ఎవరో సూదులు కాల్చి పెడుతున్నట్టు. ఆరడుగుల మగాళ్లు గోడకి తల ఆనించి నిలబడి, చేతులు చంకల్లో పెట్టుకుని, పళ్ల మధ్య నుంచి ఏదో తిట్టుకుంటూ ఏడుస్తారు. బాధ బాధలో లేదు, ఉపశమనంలో ఉంది. ఇది నేను పుస్తకంలో చదవలేదు.

ఇంటికొచ్చాక నాన్నకి ఫోన్ చేశాను. తెనాలి పక్క పల్లెలో అప్పటికి సాయంత్రం.

"గెలిచావా?"

"లేదు నాన్నా, ఇరవై ఏడో వాణ్ని."

"మరి ఎంతిచ్చార్రా?"

"ఇవ్వరు. మనమే కట్టాలి. ఇరవై పౌండ్లు."

లెక్క కట్టుకున్నాడు. "రెండు వేల పైన ఇచ్చి తడుస్తున్నావా," అన్నాడు. తిట్టినట్టు లేదు. సంతలో ఏదో సరుకు కొత్త ధర విన్నవాడిలా ఉంది.

మా నాన్న పంతొమ్మిదేళ్లు సైకిలు మీద తెనాలికి పాలు పోశాడు. వెనక క్యారేజీకి అటొకటి ఇటొకటి రెండు క్యాన్లు. పాలు తొణక్కుండా శుభ్రంగా కడిగిన వరిగడ్డి చుట్ట ఒకటి క్యాన్లో వేసేవాడు. నాలుగింటికి బయల్దేరితే, మార్గశిరం పుష్యాల్లో కాలవ గట్టు మీద ముందు చక్రం కూడా కనపడని మంచు. అక్కడి చలి అంటే 16, 17 డిగ్రీలు. లండన్‌లో అంత వేడి పుడితే జనం పార్కుల్లో చొక్కాలు విప్పి పడుకుంటారు. కానీ పలచటి చొక్కాకీ, తడిసిన గట్టుకీ, ఖాళీ కడుపుకీ ఏ థర్మామీటరు పెట్టి కొలుస్తాం?

ఆ రోజుల్లోనే ఊళ్లో అయ్యప్ప మాలలు మొదలయ్యాయి. నలభై ఒక్క రోజులు నల్లబట్టలు, చెప్పుల్లేని కాళ్లు, తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం. కాలవ రేవులో వాళ్లు వణుకుతూ శరణుఘోష చెబుతుంటే, అదే రేవులో, అదే వేళకి, మోకాలి లోతు నీళ్లలో నిలబడి నాన్న క్యాన్లు కడిగేవాడు. వాళ్లని ఊరంతా, సొంత పెళ్లాం కూడా, స్వామీ అని పిలిచేది. నాన్నని పాలాయన అనేవాళ్లు. మాల వేసుకున్నవాళ్లని తక్కువ చెయ్యడానికి చెప్పడం లేదు. వాళ్లలో రైతులున్నారు, రిక్షా లాగేవాళ్లున్నారు, దీక్ష వాళ్లకి నిజంగానే కొత్త ఊపిరి పోసింది. కానీ పదేళ్ల వయసులో గట్టు మీద కూర్చుని ఇద్దరినీ చూసిన పిల్లాడికి వచ్చిన సందేహం నలభై నాలుగేళ్లకీ తీరలేదు. చలి ఒకటే, నీళ్లు ఒకటే. ఒకటి తపస్సూ ఇంకొకటి పనీ ఎలా అయ్యాయి?

ఆ ఆదివారం సాయంత్రమే, జూమ్‌లో మా వేదాంత పాఠం. రిటైరైన తెలుగు మాస్టారొకరు శంకరుల పేరు మీదున్న వివేకచూడామణి చెబుతున్నారు. సాధకుడికి కావలసిన ఆరు సంపదలు: శమం, దమం, ఉపరతి, తితిక్ష, శ్రద్ధ, సమాధానం. ఆ రోజు తితిక్ష దగ్గరికొచ్చాం. ఓర్పు అనేస్తే సరిపోదట, దానికి షరతులున్నాయి. వచ్చిన కష్టాన్ని తప్పించుకునే ఉపాయం చెయ్యకూడదు, దాన్ని తల్చుకుని దిగులు పడకూడదు, ఏడవకూడదు. అప్పుడది తితిక్ష. గీత రెండో అధ్యాయంలో కృష్ణుడు చలీ వేడీ వచ్చిపోయేవే, ఓర్చుకో అన్నది కూడా ఈ దారిలోదే అన్నారు మాస్టారు. వేలికొసలు ఇంకా జివ్వుమంటూనే ఉన్నాయి. ఉండబట్టలేక అడిగాను.

"మాస్టారూ, చలికాలం సైకిలు రేసు తితిక్ష కిందికి వస్తుందా?"

"నిన్నెవరు పొమ్మన్నారు నాయనా?"

"ఎవరూ పొమ్మనలేదు."

"రాగానే ఏం చేశావు?"

సైకిలువాళ్ల యాప్ స్ట్రావాలో పెట్టాను. బురద మొహంతో ఫొటో, పక్కన '3 డిగ్రీలు, వాన' అని. ఆ మాట చెప్పలేక మైకు ఆపేసుకున్నాను.

గీత పదిహేడో అధ్యాయంలో తపస్సుల లెక్క ఒకటుంది. ఫలం ఆశించకుండా చేసేది సాత్వికం. మెప్పు కోసం, గౌరవం కోసం, డంబంగా చేసేది రాజసం, అది నిలవదు. మూర్ఖపు పట్టుతో ఒంటిని హింసించుకునేది తామసం. నా రేసుని ఆ చివరి రెండిట్లో ఏ అరలో పెట్టాలా అని వారమంతా ఆలోచించాను. ఫొటోకి అరవై మంది లైకు కొట్టారు కాబట్టి రాజసం. గోడకి తల ఆనించినప్పుడు తామసం. కొందరు తోటి రైడర్లు ఒక మాటంటారు, ఆ చలిలో ఆలోచనలన్నీ రాలిపోయి ముందువాడి చక్రం ఒక్కటే మిగులుతుంది, అదే ధ్యానం అని. నాకూ రాలిపోతాయి. కాని వేలు మొద్దుబారడాన్ని వేలికి వైరాగ్యం వచ్చిందనుకోలేం. మనసు విషయంలోనూ నా అభిప్రాయం అదే.

నన్ను ఆపింది తితిక్షకి పెట్టిన ఆ మొదటి షరతు. సంస్కృతంలో దాని పేరు అప్రతీకారం. ప్రతీకారం అంటే అక్కడ ఉపాయం, విరుగుడు. రోగానికి మందు వేసుకోవడమూ ప్రతీకారమే, చలికి దుప్పటి కప్పుకోవడమూ ప్రతీకారమే. ఆ లెక్కన మందులిచ్చి బతికే నేను రోజూ చేసేది అదే పని. మా నాన్నా ఆ షరతు దగ్గరే తప్పాడు. ఆయన చొక్కా లోపల, రొమ్ముకి అడ్డంగా, నిన్నటి పేపరు మడిచి పెట్టుకునేవాడు. మఫ్లరు, దాని కింద పేపరు. ఎవరు నేర్పారో తెలీదు. యూరప్‌లో కొండ రేసుల్లో పాతకాలం వాళ్లూ అంతే చేసేవారని ఇక్కడికొచ్చాక చదివాను. శిఖరం మీద జనం చేతుల్లోంచి పేపరు లాక్కుని, జెర్సీలో దోపుకుని, దిగువకి జారేవారట. కాగితం గాలిని ఆపుతుంది, అంతే.

1988 జూన్ 5న జీరో దితాలియా అనే ఇటలీ యాత్ర రేసులో, 2,600 మీటర్ల ఎత్తున్న గావియా కనుమ మీద మంచు తుఫాను వచ్చింది. శిఖరం అందరికంటే ముందు దాటినవాడు వాన్ డెర్ వెల్డే అనే డచ్చాయన, పొట్టి చేతుల జెర్సీలో. ఉపాయమేదీ చెయ్యలేదు. దిగుడులో చలికి తట్టుకోలేక ఆగిపోయి, ఆ రోజు 40 నిమిషాలకు పైగా పోగొట్టుకున్నాడు. ఆండీ హాంప్‌స్టెన్ అనే అమెరికన్ జట్టు మాత్రం తుఫాను కబురు విని ముందే వెచ్చటి బట్టలు సిద్ధం చేసి ఉంచింది. మొత్తం రేసులో ముందున్నవాడు తొడుక్కునే గులాబీ జెర్సీ ఆ రోజు అతనికే దక్కింది, చివరికి రేసు కూడా. అప్రతీకారం శాస్త్రంలో సంపద కావచ్చు, గావియా దిగుడులో కాదు. పైగా ఎదురుచూసేవాళ్లు ఎవరూ లేని సన్యాసికి పెట్టిన షరతు అది. తెనాలిలో పదకొండిళ్ల వాళ్లు పొయ్యి మీద గిన్నె పెట్టుకుని చూస్తుంటే, పాలాయన చలికి పడిపోయే హక్కు ఎక్కడిది? మిగిలిన రెండు షరతులు మాత్రం ఆయన ఎవరూ చెప్పకుండానే నెగ్గాడు. తల్చుకోలేదు, ఏడవలేదు. పంతొమ్మిదేళ్లలో మా ఇంట్లో చలి గురించి నాన్న నోట ఒక్క మాటా విన్న గుర్తు లేదు. పాలలో నీళ్లు కలిశాయన్నవాళ్ల గురించి మాత్రం బోలెడు విన్నాం.

తెలుగులో మామూలుగా ఆ మాటకి అర్థం వేరు. మనకి ప్రతీకారం అంటే పగ తీర్చుకోవడం. సినిమాల పుణ్యమో ఏమో, ఇంకో అర్థమే తట్టదు. పాఠం వింటూ నేను మొదట అలాగే అనుకున్నాను, కష్టం మీద పగ పట్టకూడదు కాబోలని. పొరపాటే, కాని వదల్లేదు నన్ను. శనివారం రాత్రి చెయిను తుడుచుకుంటున్నప్పుడు తట్టింది, నేను చేస్తున్నది సరిగ్గా అదేనేమో. నా జోలికి ఎన్నడూ రాని చలి మీద, నాన్నని తిన్న చలి మీద, మూడేళ్లుగా ఇరవైలిరవై పౌండ్లు పోసి కయ్యానికి దిగుతున్నానేమో. ఆయన ఓడిన వేళకే లేచి, ఆయన ఎక్కిన వాహనమే ఎక్కి.

ఇలా రాసుకుంటే బావుంటుంది. అందుకే అనుమానం. ఆయన ఓడలేదు. ఆయన దాన్ని యుద్ధమే అనుకోలేదు. పగ తీర్చమని ఎవరూ నన్ను అడగలేదు. బహుశా నాకు సైకిలంటే ఇష్టం, ఓడిపోవడమంటే భయం లేదు, ఫొటోకి లైకులంటే కాస్త ఎక్కువ ఇష్టం, అంతే కావచ్చు. ఆపేద్దామనుకుంటే ఏ చుట్టులోనైనా ఆపేయగలిగిన చలి నాది. ఆ ఒక్క సంగతితోనే నాన్న చలికీ నా చలికీ మధ్య పోలిక తెగిపోతుందని ఒప్పుకుంటాను. కాని ల్యాప్ బోర్డు పెద్దావిడా కావాలనుకుంటే ఇంటికెళ్లిపోవచ్చు. ఆవిడ వెళ్లలేదు, ఫొటో పెట్టలేదు, మా బకిళ్లు కూడా విప్పింది. ఆవిణ్ని ఏ అరలో పెట్టాలో పదిహేడో అధ్యాయాన్ని పెద్దగా వెతకక్కర్లేదు.

తరవాతి ఆదివారం మళ్లీ వెళ్లాను. 4 డిగ్రీలు, అదే వాన. ఈసారి స్టేషన్లో ఊరికే పంచే పేపరొకటి జెర్సీ కింద మడిచి పెట్టుకున్నాను. సగం రేసయ్యేసరికి నాని ముద్దయిపోయింది. ఇంటికొచ్చి, ఫొటో పెట్టకుండా, నాన్నకి ఫోన్ చేశాను. ఎన్నోవాడినని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. పేపరు సంగతి చెప్పాను. అటువైపు కుర్చీ జరిగిన చప్పుడైంది. గొంతు మారింది. పాల కేంద్రం దగ్గర సాటి పాలవాళ్లతో మాట్లాడే గొంతది, చిన్నప్పుడు విన్నాను.

"ఎన్ని పేజీలు?"

"మొత్తం పేపరు."

"నాలుగు చాలు. మడత ఎటు పెట్టావు, పైకా కిందికా?"

"కిందికి."

"అదీ. మెడ మీంచి కారిన నీళ్లన్నీ దాంట్లోకే దిగినయ్. మడత పైకుండాలిరా."